పేరు రాయని రిపోర్టు

మా మనవరాలిని సీనియర్ సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని చేసింది నేనే. దాని కాలేజీ కాదు, కంపెనీ కాదు, అది కళ్ళు మండేలా చదివిన లావుపాటి పుస్తకాలూ కాదు. కంప్యూటరు మూత ఎటువైపు తెరుచుకుంటుందో తెలియని నేను, మా ఊరి బడిలో అయిదో తరగతి నచ్చి రెండుసార్లు చదివిన నేను, బఠాణీలు ఒలుచుకుంటూ, కూర్చున్న చోటు నుంచి లేవకుండా ఆ ఘనకార్యం చేశాను. ఈ మాట మా అమ్మాయి వినేలా మాత్రం అనకండి. నవ్వలేక పొలమారుతుంది పాపం.

మాది మూడో అంతస్తులో చిన్న ఇల్లు. నేనూ, మా అమ్మాయీ, దాని కూతురైన ఈ మనవరాలూ ఉంటాం. అల్లుడు ఓడల్లో ఇంజన్లు చూసుకుంటాడు; నేల మీదకి చుట్టపుచూపుగా వచ్చిపోతుంటాడు. మనవరాలు ఇంట్లోంచే ఉద్యోగం చేస్తుంది. దాని ఆఫీసంతా కలిపితే కిటికీ దగ్గర ఒక బల్ల. బల్ల మీద రెండు తెరలు, అక్షరాలు అరిగిపోయిన కీబోర్డు, ఎప్పుడూ సగం కాఫీ చల్లారిపోయి ఉండే కప్పు. కింద చక్రాల కుర్చీ. ఆ కుర్చీకి ఒక చక్రం మొండికేసింది. వదిలేస్తే చాలు, దానంతటదే మెల్లగా ఎడమకి తిరిగిపోతుంది. మీటింగుల్లో మనిషి ఒకవైపు, మొహం ఒకవైపు. కొత్త కుర్చీ కొనుక్కోవే అంటే, "ఇది నా నడుముకి అలవాటైంది తాతా" అంటుంది.

బల్లకి ఎడమ పక్కన, కిటికీ కింద నా పేము కుర్చీ. ఇంట్లో వెలుతురు సరిగ్గా పడేది అక్కడొక్కచోటే కాబట్టి కూరగాయల పని నాకు అక్కడే. అక్కడి నుంచి దాని తెరలు నాకు ఏటవాలుగా కనిపిస్తాయి. నన్ను కూర్చోనివ్వడానికి షరతులు రెండు.

"తాతా, కెమెరాలో పడకూడదు. మీటింగు జరుగుతుంటే నోరు విప్పకూడదు."

"నాకా చెబుతున్నావే అమ్మడూ!" అన్నాను.

ఎందుకన్నానంటే, నా సగం జీవితం నాటకాల కంపెనీలో తెర లాగడంలోనే గడిచింది. తెర పక్కన నిలబడ్డవాడు లోకానికి లేనట్టే లెక్క. దగ్గకూడదు, తుమ్మకూడదు. ఒకసారి యుద్ధం సీను మధ్యలో నా కాలికి తేలు కుట్టింది. రాజు చచ్చేదాకా పళ్ళ బిగువున తాడు పట్టుకుని నిలబడి, తెర దించి, అప్పుడు అరిచాను. జనం ఆ అరుపు రాణిగారిదనుకుని వన్స్‌మోర్ కొట్టారు. రాజు మళ్ళీ చావాల్సి వచ్చింది. అలాంటి నోరు నాది.

ఇక ఈ సీనియర్ సంగతి. మొదట్లో అది వయసుకి సంబంధించిందనుకున్నాను. బస్సులో సీనియర్ని, ఆస్పత్రి వరసలో సీనియర్ని, కంపెనీలో మాత్రం ఎందుకు కాను? తర్వాత తెలిసింది, అది వేరే లోకమని. మనవరాలి కింద పనిచేసే ఒకాయన బళ్ళో లెక్కలు చెప్పి చెప్పి, నడి వయసు దాటాక ఆ ఉద్యోగం వదిలేసి ఈ పనిలోకి వచ్చాడు. జుట్టు నా కన్నా తెలుపు. ఆయన జూనియర్! మనవరాల్ని "మేడమ్" అంటాడు, ఇది ఆయన్ని "మాస్టారూ" అంటుంది. ఒకరి ముందు ఒకరు లేచి నిలబడేంత మర్యాద, ఇద్దరూ తెరల్లో ఉన్నారు కాబట్టి సరిపోయింది.

"అయితే సీనియర్ అంటే ఏంటే?" అని ఓ రోజు అడిగాను.

"పని ఎలా చెయ్యాలో అడిగేవాళ్ళు జూనియర్లు తాతా. అడక్కుండా చేసేవాళ్ళు మామూలు ఇంజనీర్లు. సీనియర్ అంటేనేమో..." అనబోతుంటే ఫోను మోగింది. జవాబు సగంలో ఆగిపోయింది.

జవాబు సంగతెలా ఉన్నా, ఆ మాట ఈ విడత ప్రమోషన్లలో దాని ఉద్యోగానికి చేరబోతోందని ఇంట్లో అందరికీ తెలుసు. చేసే పని ఎప్పటి నుంచో సీనియర్లదే, చేరాల్సింది మాటే. మా అమ్మాయైతే అప్పుడే పెద్దమ్మకీ, పిన్నికీ, లిఫ్టులో కలిసిన పక్కింటావిడకీ చెప్పేసింది. ఓడలో ఉన్న మొగుడికి కూడా చెప్పింది. ఆయన సముద్రానికి చెప్పే ఉంటాడు.

ఆ మాట ఇచ్చే మనిషి కంపెనీ డైరెక్టరు. నేను ఇస్త్రీసారు అని పేరు పెట్టాను. తెరలో కనిపించినంత మేరా ఆయన చొక్కాకి ముడతుండదు, మాటకీ ముడతుండదు. తిట్టినా మడత పెట్టి, పొందిగ్గా చేతికిస్తాడు.

వాళ్ళ కంపెనీ పని పళ్ళ డాక్టర్లతో. ఎవరి పన్ను ఏ వేళకి పీకాలో, ఎవరి పన్నుకి తొడుగు ఎప్పుడు వేయాలో ఆ అపాయింట్‌మెంట్లన్నీ వీళ్ళ కంప్యూటర్లు చూసుకుంటాయి. ఆ కంప్యూటర్లలో అసలుది ఒకటుంటుంది, దాన్ని లైవ్ అంటారు. అచ్చం దానిలాంటి నకలు ఇంకోటి ఉంటుంది, పని నేర్చుకోవడానికీ, ప్రయోగాలకీ. నకలులో పేరుకున్న చెత్తని అప్పుడప్పుడూ తుడిచేస్తారు. రెండూ తెర మీద ఒకేలా ఉంటాయి: నల్లటి కిటికీ, అందులో తెల్లటి అక్షరాలు. పైన మూలన చీమంత పేరు తేడా, అంతే.

ఒక పొద్దున మాస్టారు నకలు తుడుద్దామని కూర్చుని అసలుది తుడిచేశాడు.

ఇక చూడండి. డాక్టర్ల దగ్గర తెరలన్నీ ఖాళీ. ఎవరెప్పుడు రావాలో తెలీదు. వచ్చినవాళ్ళంతా మాదే మొదటి నంబరంటారు. వరండాల నిండా బుగ్గ పట్టుకున్నవాళ్ళే. ఒకచోట ఇద్దరు ఒకే కుర్చీ కోసం పోట్లాడుకుంటే, ఒకాయన పన్ను డాక్టరు చెయ్యి పడకుండానే ఊడిందట.

మాస్టారు వెంటనే చెప్పుంటే ఇంత గొడవ అయ్యేది కాదు. భయపడ్డాడు. తప్పు బయటపడేలోగా తనే సరిచేద్దామని గంటసేపు ఒక్కడే కుస్తీ పట్టాడు. చెడినదాన్ని ఇంకాస్త చెడగొట్టాక అప్పుడు ఫోను చేశాడు. ఆ గొంతు నాక్కూడా వినిపించింది. అన్నీ కళ్ళ ముందే మునిగిపోతుంటే చూస్తున్నవాడి గొంతు.

"మేడమ్, నా ఉద్యోగం పోయింది మేడమ్."

మనవరాలు ఏమందనుకున్నారు? అరవలేదు. అయ్యో అనలేదు.

"మాస్టారూ, ముందు చేతులు కీబోర్డు మీద నుంచి తీసేయండి. తీశారా? మంచినీళ్ళు తాగండి. తాగేదాకా నేను లైన్లోనే ఉంటాను."

గుటకలు కూడా వినిపించాయి.

"ఇప్పుడు చెప్పండి. ఏమేం నొక్కారో ఒక్కొక్కటే, వరసగా. ఎందుకు నొక్కారో వద్దు. ఏం నొక్కారో చాలు."

భోజనాల వేళకి అపాయింట్‌మెంట్లన్నీ తిరిగొచ్చాయి. ముందు రోజు దాచిన కాపీ తెచ్చి పెట్టి, ఆ పొద్దున కొత్తగా చేరినవాటిని డాక్టర్లకి ఫోన్లు చేసి మళ్ళీ ఎక్కించారు. మనవరాలి కాఫీ కప్పులో ఈగ పడి చచ్చిపోయింది. అదీ చూసుకోలేదు.

తప్పు జరిగాక వాళ్ళలో ఒక పద్ధతుంది. రిపోర్టు రాస్తారు. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, మళ్ళీ జరక్కుండా ఏం మార్చాం. మనవరాలు తన జట్టులో ఇంకో పద్ధతి కూడా పెట్టింది. ఆ రిపోర్టులో మనిషి పేరుండదు. తెర మీద ఏం కనిపించింది, యంత్రం ఏం అడిగింది, ఏ చోట అడ్డుగోడ ఉండాల్సి ఉండి లేదు, అవే ఉంటాయి. ఈసారీ అలాగే రాసి పంపింది. మర్నాడే ఇస్త్రీసారు మీటింగు పెట్టాడు. ఇద్దరే. నేనూ నా బఠాణీలూ లెక్కలోకి రాము.

"రిపోర్టు చాలా బావుందమ్మా. ఒక్క లోటు. పేరు లేదు."

"ఉండదు సార్."

"డాక్టర్లు అడుగుతున్నారు. పేరు చెప్పి, ఆ మనిషిని తీసేశామంటే వాళ్ళు శాంతిస్తారు. మనకీ ఒక ముగింపు ఉంటుంది."

"ముగింపు ఎలా అవుతుంది సార్? మనిషి పోతాడు, ఆ రెండు నల్ల కిటికీలూ అక్కడే ఉంటాయి. రేపు ఇంకొకరు కూర్చుంటారు."

"మీరు సీనియర్ కావాలనుకుంటున్నారు కదా?" అన్నాడు ఆయన, మడత చెదరకుండా. "సీనియర్ అంటే కఠినమైన నిర్ణయాలు తీసుకోవాలి. ఎవరిది బాధ్యతో వేలు పెట్టి చూపించగలగాలి. శుక్రవారం ప్రమోషన్ల మీటింగు. ఆలోగా పేరు రాసిన రిపోర్టు నాకు రావాలి. రాకపోతే ఆ మీటింగులో మీ తరఫున నేను చెప్పడానికేమీ ఉండదు."

తెర నల్లబడింది. మనవరాలు "పేరు కావాలట, పేరు!" అని బఠాణీ గిన్నెలో చెయ్యి పెట్టి గుప్పెడు పచ్చివే నమిలింది. మా ఇంట్లో అది యుద్ధభేరి.

అన్నం దగ్గర మా అమ్మాయి మొదలుపెట్టింది.

"రాసెయ్యవే. ఉన్నమాటేగా. ఆయన నొక్కాడు, ఆయన పేరు. నువ్వేమైనా కల్పించావా?"

"అమ్మా, ఆయన నొక్కింది నిజం. ఆయన వల్ల జరగడం నిజం కాదు."

"నాకీ తిరకాసు మాటలు చెప్పకు. ఇన్నాళ్ళు కష్టపడి, చేతికందొచ్చిన దాన్ని ఎవరి కోసమో కాలదన్నుకుంటావా? పిన్నికి ఏమని చెప్పను?"

"పిన్నికి కూడా పేరు కావాలంటే నా పేరు చెప్పు. మొండిదని చెప్పు."

"చూడండి నాన్నా, మీరైనా చెప్పండి దానికి!"

చెప్పాను. మొదట్లో గొప్పగా చెప్పుకున్నాను కదా, దాన్ని సీనియర్ని చేసింది నేనేనని. నా సలహా ఏంటో మీరూ వినండి: "పేరు అడిగాడు కదా, పేరు రాసెయ్యి. లేని మనిషి పేరు రాసెయ్యి. వాడు నిన్ననే ఉద్యోగం మానేసి సముద్రం మీదకి పోయాడను. మీ నాన్నకి చెప్పి ఓడలో వాడికి ఓ గది కూడా చూపిద్దాం."

మా అమ్మాయి నుదురు కొట్టుకుంది. మనవరాలు మాత్రం అన్నం ముద్ద చేత్తో పట్టుకుని పడీపడీ నవ్వింది. "తాతా, నీ సలహా వింటే నన్ను సీనియర్ని కాదు, జైల్లో ఖైదీని చేస్తారు." అదండీ నా ఘనకార్యం. దాన్ని నేను తయారుచెయ్యడం ఒట్టిది. ఫోను తాళం తీయడం నాకది నేర్పింది గానీ, దానికి నేను నేర్పింది ఒక్కటీ లేదు. చిన్నప్పుడు ఈల వేయడం నేర్పబోతే అదీ దానికే ముందొచ్చింది.

ఆ పూట ఇంకో మాట కూడా నడిచింది. "ఆయన అసలుదో నకలుదో చూసుకోలేదా?" అని అడిగాను.

"యంత్రం అడుగుతుంది తాతా, 'నిజంగానే తుడవమంటావా?' అని. ఆయన అవునన్నాడు. అసలు చిక్కంతా అక్కడే. అది ప్రతిదానికీ అడుగుతుంది. కాగితమంత పని చేసినా 'నిజమేనా?', కొండంత పని చేసినా 'నిజమేనా?'. పొద్దున్నుంచీ అదే ప్రశ్న. కొన్నాళ్ళకి కళ్ళు చదవడం మానేస్తాయి, వేలే అవుననేస్తుంది."

నాకు మా ఆవిడ గుర్తొచ్చింది. నేనేం చెప్పినా "నిజమేనా?" అనేది. వర్షం వచ్చిందన్నా నిజమేనా, రాజు రెండుసార్లు చచ్చాడన్నా నిజమేనా. నేను చూడకుండా "నిజం" అనేవాణ్ణి. ఒకసారి ఎవరో వచ్చి, "మీ ఆయన గుర్రం కొన్నాడట నిజమేనా?" అని ఆవిణ్ణి అడిగితే, నేను పక్క గదిలోంచే "నిజం" అన్నాను. గుర్రమెక్కడుందని ఆవిడ నెల్లాళ్ళు వెతికించింది.

ఈ కథ విని ఒక ఉపాయం మనవరాలికి తట్టిందని నేను చాలామందికి చెప్పాను. అదీ వదిలేయండి. నేను గుర్రం దగ్గరికి వచ్చేసరికే అది చెయ్యి కడుక్కుని బల్ల దగ్గర కూర్చుని ఉంది. ఆ ఉపాయం అప్పటికే దాని బుర్రలో ఉడుకుతోంది.

శుక్రవారం పొద్దున, ప్రమోషన్ల సంగతి తేల్చేముందు, ఇంకో మీటింగు. జట్టు మొత్తం తెరలో గళ్ళు గళ్ళుగా ఉన్నారు. మాస్టారు ఒక గడిలో, గడ్డం గీసుకోకుండా. పై గడిలో ఇస్త్రీసారు, లేత నీలం చొక్కా. మనవరాలు కుర్చీ కదలకుండా బల్ల కాలికి పాదం తన్నిపెట్టి కూర్చుంది. నేను బఠాణీలతో నా చోట. నోరు కుట్టేసుకుని.

"పేరు సిద్ధమేనా?" అన్నాడు ఇస్త్రీసారు.

"ముందు ఒక్క చిన్న పని చేయాలి సార్. ఆ రోజు జరిగిన పనే ఇంకోసారి, మీ చేత్తో. రెండు కిటికీలు తయారుచేశాను. రెండూ ఉత్తుత్తివే, డాక్టర్లకి ఏమీ కాదు. ఒకటి నకలు అనుకోండి, ఒకటి అసలుది. అప్పుడెలా ఉన్నాయో అచ్చం అలాగే ఉంచాను, ఏ కిటుకూ లేదు. నకలు తుడవాలి. తుడిచేముందు అసలుదాన్ని చూసి కొన్ని సరిపోల్చుకోవాలి. పని వరస మీ ముందే ఉంది."

"ఇదేంటి, పరీక్షా?"

"అవును సార్, పరీక్షే. కిటికీలకి. మీరు తప్పు చేయకుండా తుడిస్తే, నొక్కిన మనిషిదే తప్పని నేనే ఒప్పుకుంటాను. పేరు ఇక్కడికిక్కడే రాస్తాను."

మాస్టారి గడిలో మొహం పాలిపోయింది. మా అమ్మాయి వంటగది గుమ్మంలో గరిటె పట్టుకుని కొయ్యబారిపోయింది. అంత పందెం వేస్తారా ఎవరైనా?

ఇస్త్రీసారు ముసిముసిగా నవ్వాడు. "ఒకప్పుడు నేనూ ఇదే పని చేశానమ్మా. మీరంతా బళ్ళో ఉండగా" అంటూ పగ్గాలు తన చేతిలోకి తీసుకున్నాడు. ఆయన అక్కడ కూర్చుని కదిపితే ఇక్కడ మా తెర మీద బాణం గుర్తు కదులుతుంది. దెయ్యం పూనినట్టుంది.

నకలులో ఒకటి చూశాడు. నిజమేనా అంది. అవునన్నాడు. అసలుదాంట్లో ఒకటి సరిపోల్చాడు. నిజమేనా? అవును. ఇటు. నిజమేనా? అవును. అటు. అవును. మధ్యమధ్య మాటలు, "ఏకాగ్రత ఉండాలి. మేము చేసే రోజుల్లో..." నిజమేనా? అవును. "...ఒక్క పొరపాటు కూడా..." నిజమేనా? అవును. "...ఇదిగో, ఇప్పుడు తుడుస్తున్నాను, చూడండి." నిజంగానే తుడవమంటావా?

అవునన్నాడు.

తెల్ల అక్షరాలు చకచకా పైకి పరుగెత్తాయి. తర్వాత అంతా నలుపు. పైన మూలన చీమంత పేరు మాత్రం మిగిలింది. లైవ్.

ఇస్త్రీసారు తెరకి మొహం దగ్గరపెట్టి ఆ చీమని చదివాడు. అప్పుడు, ఎవరో మైకు మూయడం మరిచిపోయినవాళ్ళు, పకపకా నవ్వారు. మామూలు నవ్వు కాదు, పొట్ట పట్టుకుని నవ్వే నవ్వు. మధ్యలో ఏదో దొర్లిన చప్పుడు కూడా. ఇస్త్రీసారు దిగ్గున లేచి నిలబడ్డాడు. లేచాక తెలిసింది, ఇస్త్రీ నడుము దాకానే అని. కింద పువ్వుల నిక్కరు.

"ఎవరది? ఎవరు నవ్వింది? నాకు పేరు కావాలి!"

ఎవరో ఇప్పటికీ తేలలేదు. ఆ గళ్ళల్లో ఒక్కరూ పెదవి కదపలేదు. మనవరాలు మాత్రం నిదానంగా అంది.

"పేరెందుకు సార్? ఎక్కడో ఒక మైకు తెరిచి ఉండిపోయింది. తెరిచుందో మూసుందో కనిపించనంత చిన్నది ఆ గుర్తు. కావాలంటే అది రాస్తాను."

ఇస్త్రీసారు కూర్చున్నాడు. నిక్కరు మాయమైంది. ముడతలు మాత్రం మొహంలోకి వచ్చేశాయి.

"మాట్లాడుతూ చేశాను కాబట్టి..."

"ఆ రోజూ పక్కన ఫోను మోగుతూనే ఉంది సార్. రిపోర్టులో రాశాను." దాని గొంతు ఇంకా నిదానమైంది. "ఇప్పుడు రిపోర్టుకి ఒక పేరా కలుపుతాను. 'అదే పని మళ్ళీ చేయించి చూశాం. ఎంతో అనుభవం ఉన్న మనిషి, పరీక్ష అని ముందే తెలిసి కూడా, అదే చోట అదే తప్పు చేశారు.' ఇంతే. పేరుండదు. లేదు, పేర్లు రాయాల్సిందే అంటే రాస్తాను. అప్పుడు రెండూ రాస్తాను. డాక్టర్లకి రెండూ పంపిద్దాం. మీరు చెప్పండి సార్, ఎలా పంపమంటారు?"

ఇస్త్రీసారు మంచినీళ్ళు తాగాడు. ఎవరూ చెప్పకుండానే.

"పేరు అవసరం లేదు," అన్నాడు.

రిపోర్టు పేరు లేకుండానే వెళ్ళింది. దాంతోపాటు ఏం మార్చారో కూడా వెళ్ళింది. అసలుదాని కిటికీకి ఎర్ర రంగు వేశారు. చిన్నాచితకా పనులకి నిజమేనా అని అడగడం తీసేశారు. తుడిచేటప్పుడు మాత్రం అవునంటే కుదరదు. ఏది తుడుస్తున్నామో దాని పూర్తి పేరు అక్షరం అక్షరం చేత్తో కొట్టాలి. మాస్టారి ఉద్యోగం మాస్టారి దగ్గరే ఉంది. డాక్టర్లు ఆ రిపోర్టు చదివి ఊరుకున్నారు. వాళ్ళ దగ్గర పళ్ళు చాలా ఉన్నాయి కదా చూసుకోవడానికి.

ప్రమోషను మాత్రం రాలేదు. ఆ సాయంత్రమే మెయిలు వచ్చింది. నాయకత్వ లక్షణాలు మరికొంత కాలం పరిశీలించాలట. మా అమ్మాయి గరిటె విసిరేసింది. "పరిశీలిస్తారట! ఏం, నీకేమైనా రోగమా?" అని అప్పటిదాకా కూతుర్ని తిట్టిన నోటితోనే కంపెనీని దులిపేసింది. పిన్నికి తనే ఫోను చేసి, "ఇవ్వలేదు. తల వంచలేదు కాబట్టి ఇవ్వలేదు. రాసిపెట్టుకో" అంది.

మనవరాలు మెయిలుకి జవాబు రాసింది. ఏటవాలుగానైనా నేను చదివాను. "పరిశీలించండి సార్. ఇంకోసారి ఇలా జరిగినా నేను పేరు రాయను. అది కూడా పరిశీలనలో పెట్టుకోండి." అంతే రాసి, సంతకం పెట్టి, ఎడమకి తిరిగిపోతున్న కుర్చీని సరిచేసుకుని పనిలో పడింది.

వానాకాలం పోయి చలి మొదలైన రోజుల్లో, ఓ మధ్యాహ్నం ఫోను మోగింది. ఇస్త్రీసారు. గొంతు గుర్తుపట్టలేకపోయాను, అంత నలిగి ఉంది.

"అమ్మా, ఒక పొరపాటు... డాక్టర్ల దగ్గరికొచ్చే పేషెంట్లకి వెళ్ళే సందేశం ఎలా ఉంటుందో చూద్దామని నా ఒక్కడికే పంపుకోబోయాను. అందరికీ వెళ్తోంది. మీ అపాయింట్‌మెంట్ రద్దయింది అని. వెళ్తూనే ఉంది. ఇప్పుడే, రెండు నిమిషాలైంది. నేనే... ఇది రిపోర్టులో..."

"పేరు రాయం సార్," అంది మనవరాలు. "చేతులు కీబోర్డు మీద నుంచి తీసేయండి. ఏం నొక్కారో చెప్పండి."

మాస్టారు గంటసేపు దాచాడు. ఈయన దాచలేదు. అందుకని ఎక్కువమందికి చేరకముందే ఆపగలిగింది. చేరినవాళ్ళకి క్షమించమని ఇంకో సందేశం పంపారు. పన్ను పీకించుకోవడం తప్పిందని అప్పుడే సంబరపడినవాళ్ళు కొందరు బాధపడ్డారట.

ఆ తర్వాతి విడతలో సీనియర్ అన్న మాట వచ్చింది. మెయిలు చూసి, "వచ్చిందమ్మా" అని వంటగదిలోకి కేకేసి, చల్లారిన కాఫీ ఒక గుక్క తాగింది. నేను వదల్లేదు. "ఇప్పుడైనా పూర్తి చెయ్యవే. సీనియర్ అంటే ఏంటి?"

"సీనియర్ అంటేనా తాతా..." అందో లేదో ఫోను మోగింది. అవతల ఎవరో కొత్త గొంతు, వణుకుతూ. మనవరాలు నాకు ఆగమని వేలు చూపించి, "ముందు మంచినీళ్ళు తాగండి" అంది.

ఇక అడగడం మానేశాను.

ఇదంతా విని నిజమేనా అని మీరు అడుగుతారని తెలుసు. మా ఆవిడకైతే చూడకుండా నిజం అని కొట్టేసేవాణ్ణి. ఇప్పుడు ఆ ప్రశ్న కాస్త ఆగి చదువుతున్నాను. తేలు నిజం. గుర్రం లేకపోవడం నిజం. ఇస్త్రీసారు తుడిచేసింది నిజం. పువ్వుల నిక్కరు నేను కల్పించానని అంతా అంటారు గానీ, ఒట్టు, అదీ నిజం. పువ్వులు పసుపు రంగువి.

కల్పించింది ఒక్కటే. ఆ రోజు మైకు మూయడం మరిచిపోయిన ఆ "ఎవరో" ఎవరూ లేరు. అన్ని గళ్ళల్లోనూ మైకులు మూసే ఉన్నాయి. ఇస్త్రీసారుది కాక తెరిచి ఉన్నది మా మనవరాలిది ఒక్కటే. నవ్వింది నేను. దొర్లింది బఠాణీల గిన్నె. అవతల అంత పెద్దమనిషి నిక్కరుతో నిలబడి పేరు పేరు అని అరుస్తుంటే, మనవరాలు బల్ల కాలికి పాదం ఇంకాస్త గట్టిగా తన్నిపెట్టి, ఎడమకి లాగే ఆ కుర్చీని ఆపుకుని, నా వైపు కన్నైనా తిప్పలేదు.